సిజేరియన్‌తో పాటే ట్యూబ్స్ కట్టమంటే మా ఆసుపత్రిలో కుదరదన్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

#1 రెండోకాన్పు, మిస్సోరి | మంగళవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. క్లినిక్ నుంచి వచ్చినప్పటి నుంచి ఒకటే ఏడుపు, ఒకటే టెన్షన్.

నాకు 34 ఏళ్లు. ఇప్పుడు 34వ వారం. మొదటి పాప హైదరాబాద్‌లో పుట్టింది. అప్పుడు బీపీ బాగా పెరిగిపోయి 35వ వారంలోనే అర్జంటుగా సిజేరియన్ చేశారు. పాప పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఈసారీ బీపీ మొదలైంది, మాత్రలు వేసుకుంటున్నా. ఇద్దరు చాలని నేనూ మావారూ ఎప్పుడో అనుకున్నాం.

ఇవాళ డాక్టరుగారు సిజేరియన్ తేదీ రాస్తుంటే "అప్పుడే ట్యూబ్స్ కూడా కట్టేయండి మేడమ్" అన్నా. ఆవిడ పెన్ను మూత పెట్టి, కుర్చీ నా వైపు జరుపుకుని మెల్లగా చెప్పారు. "నాకేం అభ్యంతరం లేదు. కడుపు ఎలాగూ తెరిచే ఉంటుంది, కొద్ది నిమిషాల పని. కానీ ఇది క్యాథలిక్ ఆసుపత్రి. ఇక్కడ చేయనివ్వరు." ఆవిడ క్యాథలిక్ కూడా కాదు. మరి ఎలా అంటే, కొన్ని వారాలు ఆగి వేరేచోట లాపరోస్కోపీ చేయించుకోమన్నారు. అంటే మళ్లీ మత్తు, మళ్లీ కోత, చంటిబిడ్డను పెట్టుకుని.

తొమ్మిదో వారం నుంచి అక్కడికే వెళ్తున్నా. ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారో లెక్కలేదు. ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. పరీక్ష గదిలో గడియారం పక్కన శిలువ ఉంటుంది, వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. దానికీ నా ఆపరేషన్‌కీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

ఇంత ఆలస్యంగా ఆసుపత్రి మారొచ్చా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ఓహైయో నర్సక్క | మంగళవారం రాత్రి 10.15

చెల్లీ, ముందు ఏడుపు ఆపు, బీపీకి మంచిది కాదు. 34వ వారంలో మారొచ్చు. కష్టమే గానీ జరుగుతుంది. 37లో మారినవాళ్లను కూడా నేను చూశాను.

లేబర్ వార్డులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నా, అందులో నాలుగేళ్లు క్యాథలిక్ ఆసుపత్రిలోనే. అమెరికా బిషప్పుల సంఘం క్యాథలిక్ ఆసుపత్రులకు నియమావళి ఒకటి రాసి పెట్టింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు చేయకూడదు, గర్భనిరోధక పద్ధతులను ప్రోత్సహించకూడదు అని అందులో ఉంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. ఇప్పటికే ఉన్న తీవ్రమైన జబ్బుకు అది వైద్యమై, అంతకంటే తేలికైన వైద్యం లేకపోతే చేయొచ్చు. రేపు మళ్లీ గర్భం వస్తే నీ ప్రాణం మీదికి వస్తుందన్నది వాళ్ల లెక్కలో కారణం కాదు. మీ డాక్టరమ్మ నిజంగానే ఏమీ చేయలేదు. అక్కడ ప్రాక్టీసు చేసే ప్రతి ఒక్కరూ, ఏ మతం వాళ్లైనా, ఆ నియమాలకు ఒప్పుకునే చేరతారు.

ఈ దేశంలో ప్రతి ఆరు ఆసుపత్రి పడకల్లో సుమారు ఒకటి క్యాథలిక్ ఆసుపత్రులదే. ఆసుపత్రులు కలిసిపోయాక పేర్లు కూడా మారాయి, బోర్డు చూసి చెప్పలేం.

రేపు పొద్దున్నే రెండు ఫోన్లు చెయ్యి. ఒకటి ఇన్సూరెన్స్‌కి: నెట్‌వర్క్‌లో ఇంకే ఆసుపత్రుల్లో కాన్పులు చేస్తారో అడుగు. రెండోది మీ డాక్టర్ ఆఫీసుకి: ఆవిడకు ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్ చేసే ప్రివిలేజెస్, అంటే అనుమతులు, ఉన్నాయా అని అడుగు. కొంతమందికి రెండుచోట్లా ఉంటాయి. ఉంటే డాక్టర్‌ని మార్చే పనే లేదు.

ఇంకోమాట, ఇది మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) మీద ఉన్నవాళ్లకి. ఆపరేషన్‌కి కనీసం 30 రోజుల ముందు సమ్మతి ఫారం మీద సంతకం చేయాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి. కాన్పు ముందే వచ్చేయడమో, అత్యవసరంగా కడుపు ఆపరేషన్ చేయాల్సి రావడమో జరిగితే తప్ప ఆ 30 రోజులు తగ్గించరు. ఆ సంతకం ఆలస్యమై ఆపరేషన్ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

#3 సూటిమాట | మంగళవారం రాత్రి 11.02

బాధగానే ఉంది గానీ, వాళ్ల ఆసుపత్రి వాళ్ల ఇష్టం అండి. డాక్టర్‌కి ఇష్టం లేని పని బలవంతంగా చేయించలేం కదా. శాకాహార హోటల్‌కి వెళ్లి కోడికూర అడిగితే ఎలా?

#4 మందులషాపు, డల్లాస్ | మంగళవారం రాత్రి 11.20

సూటిమాట గారూ, శాకాహార హోటల్ అని బోర్డు పెడతారు. ఆవిడ అడుగుతున్నది ఆ బోర్డు గురించే. పైగా హోటల్ నచ్చకపోతే పక్క వీధికి పోతాం. నొప్పులు మొదలైన మనిషి ఎక్కడికి పోతుంది? ఆ ఆసుపత్రుల్లోకి మెడికేర్ (పెద్దవయసు వాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్), మెడికెయిడ్ రూపంలో వచ్చేది మనందరి పన్నుల డబ్బే.

నేను ఫార్మసిస్టుని. మా దగ్గర ఒక సహోద్యోగి అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇవ్వడు. మంచి మనిషి, అబద్ధమాడడు. ఆయనది మతవిశ్వాసం. ఆయన పక్కకు జరుగుతాడు, నేను ఇస్తాను. ఇద్దరం ఉన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక ఆదివారం రాత్రి ఆయన ఒక్కడే ఉన్నాడు. ఒకమ్మాయి చీటీతో వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోయిందట. మర్నాడు వచ్చి ఇదే కౌంటర్ దగ్గర నన్ను అడిగింది, "నిన్న రాత్రి మీరెందుకు లేరు?" అని. నేనేం చెప్పను? లెవోనార్‌జెస్ట్రెల్ అనే ఆ అత్యవసర మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందు వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. ఆ అమ్మాయికి ఒక రాత్రి పోయింది.

2019 జనవరిలో మిన్నెసోటాలో చిన్న ఊరి మందుల షాపులో ఇలాగే జరిగింది. మంచు తుఫానులో ఆమె రానూపోనూ వంద మైళ్లు కారు నడిపి మాత్ర తెచ్చుకుంది. కోర్టుకెక్కింది. 2022లో జ్యూరీ వివక్ష కాదంది గానీ, మానసిక క్షోభ కలిగిందని ఒప్పుకుంది. అప్పీల్‌లో కేసు మళ్లీ తెరుచుకుంది.

ఒక మంచి కబురు: రోజూ వేసుకునే ఓపిల్ అనే గర్భనిరోధక మాత్ర 2024 నుంచి చీటీ లేకుండా షాపుల్లో దొరుకుతోంది. డాక్టర్ ఏమనుకున్నా, నాలాంటివాడు ఏమనుకున్నా, అల్మరాలోంచి తీసుకుని బిల్లు కట్టి వెళ్లిపోవచ్చు.

#5 ఫిరంగిపురం తమ్ముడు | బుధవారం ఉదయం 6.30

అక్కా, నేను క్యాథలిక్‌ని. మీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి.

1968లో ఆరో పాల్ పోప్‌గారు హ్యూమనే విటే అనే లేఖ రాశారు. దంపతుల కలయిక నుంచి బిడ్డకు జన్మనిచ్చే శక్తిని మనిషి కావాలని వేరు చేయకూడదన్నది దాని సారం. సహజ పద్ధతులకు ఒప్పుకుంటుంది, మాత్రలకూ ఆపరేషన్‌కూ ఒప్పుకోదు. జబ్బు నయం చేయడానికైతే అదే మాత్ర వాడొచ్చని కూడా అందులోనే ఉంది. మా అమ్మానాన్నలు దాన్ని పాటించారు, మేం ఆరుగురం. వాళ్లకది భారం కాదు, భక్తి.

గుంటూరులో మేరీ గ్లౌరీ అనే డాక్టర్ సిస్టర్ ఉండేవారు. ఆస్ట్రేలియా నుంచి 1920లో వచ్చి, ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి వెళ్లని రోజుల్లో వేలమందికి వైద్యం చేశారు. దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని 1943లో మొదలుపెట్టింది ఆవిడే. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. మా నాయనమ్మ పురుడు ఆ సిస్టర్ల చేతిలోనే జరిగింది. కాబట్టి ఆ శిలువ కనబడితే నాకు ధైర్యం వస్తుంది. మీకు నిన్న అదే శిలువ తలుపు మూసినట్టు అనిపించింది. అది తలుచుకుంటే నాకు కష్టంగా ఉంది.

మా విశ్వాసం ప్రకారం అది తప్పు పని అయితే, మేం చేయం అని మొదటిరోజే ధైర్యంగా చెప్పాలి. దాచిపెట్టడం మా మతం నేర్పలేదు.

#6 కృష్ణలంక డాక్టర్ | బుధవారం ఉదయం 8.10

విజయవాడలో గైనకాలజిస్టుని, 26 ఏళ్ల ప్రాక్టీసు.

మన దేశంలో రూలు చాలామంది డాక్టర్లకే తెలియదు. మెడికల్ కౌన్సిల్ 2002 నాటి వృత్తి నియమాల్లో ఉంది: వైద్యపరంగా అవసరమున్నప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, గర్భనిరోధం, గర్భస్రావం లాంటివి కేవలం మతకారణంతో డాక్టర్ నిరాకరించకూడదు. ఆ పని తనకు చేతకాదనుకుంటే తప్ప. అమెరికా చట్టం డాక్టర్ వైపు నుంచి మొదలైతే, మనది రోగి వైపు నుంచి మొదలైంది. కాగితం మీద మాత్రం.

ఆచరణలో ఇక్కడా మిషన్ ఆసుపత్రుల్లో తేడాలున్నాయి. క్యాథలిక్ సిస్టర్లు నడిపేచోట ట్యూబెక్టమీ చేయరు. ప్రొటెస్టెంట్ మిషన్ వాళ్లకు సాధారణంగా ఆ పట్టింపు లేదు. ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన బిషప్పులు 1930లోనే కొన్ని పరిస్థితుల్లో గర్భనిరోధానికి ఒప్పుకున్నారు. మా ఊళ్లో అందరికీ ఇది తెలుసు. ఆపరేషన్ కావాల్సినవాళ్లు కాన్పుకే వేరేచోటికి వెళ్తారు. అక్కడ కొత్తగా వెళ్లిన మీలాంటివాళ్లకు ఎవరు చెబుతారు?

మతం పేరు చెప్పకుండా నిరాకరించేవాళ్ల మాటేమిటి మరి? పెళ్లికాని అమ్మాయి మాత్రలు అడిగితే "మీ అమ్మను తీసుకురా" అనే డాక్టర్లు నా తోటివాళ్లలోనే ఉన్నారు. ఒక్క పిల్ల చాలు అన్నామెకు "మగపిల్లాడు వద్దా?" అని క్లాసు పీకుతారు. భర్త సంతకం లేకపోతే ముట్టుకోరు. వృత్తి నియమాలేమో ఇద్దరి సమ్మతీ ఉండాలంటాయి, కేంద్ర ఆరోగ్యశాఖ 2006 ప్రమాణాలేమో భర్త సమ్మతి అక్కర్లేదంటాయి. ఆ సందులో నలిగేది ఆడమనిషే.

రెండోకాన్పు గారూ, ఆపరేషన్ కుదరకపోయినా దారులున్నాయి. బీపీ ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు మంచివి కావు. ప్రొజెస్టిన్ హార్మోన్ ఒక్కటే ఉన్న మాత్ర, ఇంప్లాంట్ (చేతి చర్మం కింద పెట్టేది), లూప్ (గర్భసంచిలో పెట్టేది) వాడొచ్చు, పాలివ్వడానికీ అడ్డు కాదు. లూప్‌ని సిజేరియన్‌లోనే వేయొచ్చు గానీ, అదీ ఆ ఆసుపత్రిలో కుదరకపోవచ్చు.

#7 గుర్తుతెలియనివాడు | బుధవారం ఉదయం 8.55

ఒక చిట్కా. మా ఆవిడకి హార్మోన్ లూప్ అలాంటి క్లినిక్‌లోనే వేశారు. "నెలసరిలో రక్తస్రావం ఎక్కువ" అని రాశారంతే. మీరూ అలా అడగండి.

#8 కృష్ణలంక డాక్టర్ | బుధవారం ఉదయం 9.20

నిజంగా రక్తస్రావం ఉంటే సరే. లేనిది రాయమని అడగొద్దమ్మా. రేపు ఇంకో డాక్టర్ ఆ కాగితం చూసి లేని జబ్బుకి పరీక్షలు రాస్తాడు. డాక్టరూ పేషెంటూ కలిసి అబద్ధం ఆడితేగానీ వైద్యం అందదంటే, ఆ పద్ధతిలోనే ఏదో తప్పుంది.

#9 లా స్టూడెంట్ | బుధవారం ఉదయం 10.05

అక్కా, మీ కథే యాభై ఏళ్ల కింద జరిగింది. మొంటానాలో బిల్లింగ్స్ అనే ఊరు. కాన్పులు చేసే ఆసుపత్రి ఊరు మొత్తానికి ఒక్కటే, అదీ క్యాథలిక్. 1972లో ఒకామె సిజేరియన్‌తో పాటే ట్యూబ్స్ కట్టమంది, వాళ్లు కాదన్నారు. భార్యాభర్తలు కోర్టుకెళ్తే ఆమెకు అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది.

తర్వాతి ఏడాదే అమెరికా పార్లమెంటు చట్టం తెచ్చింది. ఐడహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ ప్రతిపాదించారు కాబట్టి దాన్ని చర్చ్ అమెండ్‌మెంట్ అంటారు. ఆయన ఇంటిపేరే చర్చ్, ప్రార్థనా మందిరం కాదు. ప్రభుత్వ డబ్బు తీసుకున్నంత మాత్రాన మతవిశ్వాసానికి విరుద్ధంగా గర్భస్రావం గానీ ఈ ఆపరేషన్లు గానీ చేయాలని ఆసుపత్రిని బలవంతపెట్టకూడదంటుంది. దాంతో ఆ ఉత్తర్వు పోయింది, 1975లో పై కోర్టూ ఆసుపత్రి వైపే నిలిచింది.

అదే చట్టంలో ఇంకో సగం ఉంది. డాక్టర్ బయట ఇంకోచోట చట్టబద్ధంగా ఈ ఆపరేషన్ చేశాడని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. అంటే "నేను చేస్తాను" అనే డాక్టర్ మనస్సాక్షికీ కొంత రక్షణ ఉంది, కాకపోతే ఆ గోడల బయటే. మీ డాక్టరమ్మకు ఇంకో ఆసుపత్రిలో అనుమతి ఉందేమో అడగమని నర్సక్క చెప్పింది అందుకే బంగారంలాంటి సలహా.

అమెరికా గైనకాలజిస్టుల సంఘం కూడా 2007లో చెప్పింది: డాక్టర్ తన విశ్వాసం వల్ల ఏదైనా చేయలేకపోతే ముందే చెప్పాలి, చేసేవాళ్ల దగ్గరికి పంపాలి. అది చట్టం కాదు, వృత్తి ధర్మం.

#10 నిర్వాహకులు | బుధవారం ఉదయం 11.00

క్రైస్తవుల మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. మతాన్ని తిట్టడానికి ఇది చోటు కాదు. ఒక గర్భిణి సాయం అడిగింది, అది మరవొద్దు.

#11 వరంగల్ పెద్దమ్మ | బుధవారం మధ్యాహ్నం 1.30

మనవడు ఫోన్‌లో ఎలా రాయాలో నేర్పాడు, తప్పులుంటే మన్నించండి.

తల్లీ, నాకు 1984లో ఆపరేషన్ అయింది. అప్పుడు నాకు 22 ఏళ్లు. రెండో కొడుకు పుట్టి మూడు నెలలు. మా అత్తమ్మ, ఊరి నర్సమ్మ మాట్లాడుకున్నారు. బడిలో క్యాంపు పెట్టారు. బెంచీలు పక్కకు జరిపి నేలమీద చాపలు పరిచారు, మేం వరసగా పడుకున్నాం. నా పక్కన పడుకున్నామె గాజులు తీయడం మర్చిపోయారు, ఆమె వణికినప్పుడల్లా గలగల చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఆడపిల్ల కావాలని ఉండె. ఎవరితో చెప్పుకోను?

నిన్ను వద్దంటున్నారు, నన్ను పడుకోబెట్టారు. నీకు కావాల్సింది నువ్వు గట్టిగా అడుగు బిడ్డా. నేను అడగలేకపోయిన.

#12 ఓహైయో నర్సక్క | బుధవారం మధ్యాహ్నం 2.10

పెద్దమ్మా, మీ పోస్టు చదివి డ్యూటీ గదిలో కళ్లు తుడుచుకున్నా.

నేను పైన చెప్పిన 30 రోజుల ఫారం కూడా ఇలాంటి బాధలోంచే పుట్టింది. 1973లో అలబామాలో 12, 14 ఏళ్ల నల్లజాతి అక్కచెల్లెళ్లకు, చదువురాని తల్లి చేత సంతకానికి బదులు 'X' గుర్తు పెట్టించుకుని ఆపరేషన్ చేశారు. ఆ కేసు తర్వాతే అంత గట్టి నియమాలు వచ్చాయి.

#13 కృష్ణలంక డాక్టర్ | బుధవారం మధ్యాహ్నం 2.45

ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ కాలంలో 1976-77 ఒక్క ఏడాదే మన దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువ మగవాళ్లకే. ఆ దెబ్బకు మగవాళ్లు భయపడి పారిపోయారు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒక్కటి కూడా లేదు.

#14 నేను చేయించుకున్నా | బుధవారం సాయంత్రం 5.20

డాక్టర్‌గారి మాటకు నా వంతు. అక్కా, మీవారికి నా పోస్టు చూపించండి. నేను రెండేళ్ల కింద వేసెక్టమీ చేయించుకున్నా. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి, ఇరవై నిమిషాల్లో అయిపోయి, కారులో ఇంటికొచ్చి, ఐస్ పెట్టుకుని మ్యాచ్ చూశా. సోమవారం ఆఫీసు. మత్తు అక్కడికక్కడే. బరువులు ఓ వారం ఎత్తలేదు. మగతనం తగ్గుతుందన్నది పచ్చి అబద్ధం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: వెంటనే పనిచేయదు. సుమారు మూడు నెలలకు పరీక్ష చేసి "వీర్యకణాలు ఇక లేవు" అని చెప్పేదాకా జాగ్రత్తగా ఉండాలి. ఇంకోటి, ఆడవాళ్ల ఆపరేషన్‌ని ఇన్సూరెన్స్ సాధారణంగా పూర్తిగా భరించాలి, మగవాళ్లదానికి ఆ కేంద్ర నియమం లేదు. ముందే కనుక్కోండి.

మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలి.

#15 సూటిమాట | బుధవారం రాత్రి 8.30

నిన్న నేను తొందరపడి రాశాను. హోటల్‌తో పోల్చకుండా ఉండాల్సింది. డాక్టర్‌ని బలవంతపెట్టకూడదన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఇక్కడ డాక్టర్ చేస్తానంటోంది, పేషెంట్ కావాలంటోంది, మధ్యలో భవనం వద్దంటోంది. భవనానికి మనస్సాక్షి ఉంటుందా అన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు.

#16 ఫిరంగిపురం తమ్ముడు | బుధవారం రాత్రి 9.05

సూటిమాట అన్నా, సంస్థకీ ఉంటుందనే మేం అనుకుంటాం. సిస్టర్లు తమ జీవితాలు ధారపోసి కట్టిన ఆసుపత్రిలో తాము పాపమనుకునే పని జరగకూడదనుకోవడం నాకు అర్థమవుతుంది. అయితే చుట్టుపక్కల ఇంకో ఆసుపత్రి లేనప్పుడు ఏం చేయాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మా ఫాదర్‌గారిని అడిగాను. ఆయన కూడా చాలాసేపు మాట్లాడలేదు.

#17 రెండోకాన్పు, మిస్సోరి | శుక్రవారం రాత్రి 10.20

అందరికీ పేరుపేరునా దండాలు. ఇన్సూరెన్స్ వాళ్లతో 50 నిమిషాలు ఫోన్‌లో ఉన్నా. మా డాక్టరమ్మకు రెండో చోట ప్రివిలేజెస్ లేవు. కానీ ఆవిడే, తన సొంత ఫోన్ నుంచి, 45 మైళ్ల దూరంలో ఉన్న తన క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి మాట్లాడింది. సోమవారం అపాయింట్‌మెంట్ ఇచ్చారు. నా రికార్డులన్నీ ఆవిడే పంపింది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని "సారీ" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు.

నొప్పులు ముందే వచ్చేస్తే దగ్గర్లోని పాత ఆసుపత్రికే వెళ్లాలి, అప్పుడు ఆపరేషన్ ఉండదు. ఆ భయం ఉంది. అలా జరిగితే వేసెక్టమీకి మావారు సరే అన్నారు. 14వ పోస్టు రెండుసార్లు చదివారు.

పెద్దమ్మా, మీ మాట అద్దం పక్కన రాసి అంటించుకున్నా.

#18 రెండోకాన్పు, మిస్సోరి | ఐదు వారాల తర్వాత

బాబు. రెండు కిలోల తొమ్మిది వందలు. 38వ వారంలో సిజేరియన్, దాంతోపాటే ట్యూబ్స్ కట్టే బదులు తీసేశారు. బీపీ ఇప్పుడు దారికొచ్చింది. ఒక చేత్తో వాణ్ని ఎత్తుకుని ఇంకో చేత్తో రాస్తున్నా, అందుకే చిన్న పోస్టు.

పాత ఆసుపత్రికి ఉత్తరం రాశాను. మీరు చేయని పనులేమిటో మొదటి విజిట్‌లో ఇచ్చే కాగితాల్లో ఒక పేజీ పెట్టండి, అంతే చాలని. ఇంకా జవాబు రాలేదు.

#19 కొత్తగా వచ్చా, ఇల్లినాయ్ | రెండు నెలల తర్వాత

అక్కా, ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. నాకు 11వ వారం. గురువారం మొదటి విజిట్. ఏం అడగాలి?

#20 రెండోకాన్పు, మిస్సోరి | మర్నాడు ఉదయం

కంగ్రాట్స్ అమ్మా. "కాన్పప్పుడే ట్యూబ్స్ కడతారా, లూప్ వేస్తారా?" అని అడుగు. "అది తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకు, ఈ ఆసుపత్రిలో చేస్తారా చేయరా అన్నదొక్కటే కావాలని చెప్పు. డాక్టర్‌ని అడిగాక రిసెప్షన్‌లో కూడా మళ్లీ అడుగు, జవాబు మెసేజ్‌లో రాసి పంపమను. గురువారం సాయంత్రం ఇక్కడ రాయి, నేను చూస్తుంటాను.